మూడుసార్లు కిందికి

ఒకే ఒరలో రెండు కత్తులు ఇమడవు అన్నాడు మా పక్క దుకాణం తాళాలాయన. మా కోడలు ఒక్క కంప్యూటర్లో రెండు ఆపరేటింగ్ సిస్టమ్‌లు పెట్టిన రోజున అన్నాడు. రెండేళ్ళయింది. ఇమిడాయి.

నేను సమంగా లేని పాదాలకు బూట్లు చేస్తాను. ఒక కాలు పొట్టివాళ్ళు, మడమ పక్కకు ఒరిగినవాళ్ళు, వేళ్ళు పోయినవాళ్ళు వస్తారు. పైకి బూటు మామూలుగానే ఉంటుంది. పనితనమంతా లోపల పెట్టే మెత్తలో ఉంటుంది. ఇదివరకు పాదానికి ప్లాస్టరుతో అచ్చు తీసి, ఆరబెట్టి, దాన్ని చూస్తూ బెండు దిమ్మను కత్తితో చెక్కేవాణ్ణి. రెండు రోజులు పట్టేది. ఇప్పుడు చెక్కే మిషను ఉంది. పాదాల కొలతలు కంప్యూటర్లో ఉంటాయి. కంప్యూటరు చెప్తుంది, మిషను చెక్కుతుంది. యాభై నిమిషాలు.

ఆ మిషను చేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. అది పాత సిస్టమ్ మాటే వింటుంది, కొత్తదాన్ని లెక్కచెయ్యదు. కోడలి ఆఫీసు పనేమో కొత్తదాంట్లో తప్ప నడవదు. దుకాణం వెనక ఇల్లు రెండు గదులు. ఇంకో కంప్యూటరు పెడితే మనుషులు వీధిలో పడుకోవాలి. అందుకని ఒకే పెట్టెలో రెండు కాపురాలు పెట్టింది. పగలు నాది, సాయంత్రం ఆమెది. ఒకరి వేళలో ఇంకొకరు వేలు పెట్టం.

కంప్యూటరు వెయ్యగానే నల్లటి తెర మీద పేర్ల పట్టీ వస్తుంది. ఏ సిస్టమ్ కావాలో అందులో ఎంచుకోవాలి. పది లెక్కపెట్టేలోగా ఎంచుకోకపోతే అదే కొత్తదాంట్లోకి వెళ్ళిపోతుంది. పేర్లు ఇంగ్లీషులో ఉంటాయి. నేను మూడో తరగతి దాకా చదివాను. తెలుగు కూడబలుక్కుంటాను. ఇంగ్లీషులో అంకెలు తప్ప రావు. మొదటి రోజున కోడలు ఒక వరుస మీద వేలు పెట్టి, "ఇదీ మీది మావయ్యా. పేరు చూసుకుని ఎంటర్ కొట్టండి" అంది. నేను తల ఊపాను. తల ఊపితే మాట్లాడే పని తప్పుతుంది.

ఆమె వేలు పెట్టింది నాలుగో వరుస. కింది బాణం మూడుసార్లు, ఎంటర్. అది తెరుచుకునేలోపు చీపురు తీసుకుని మిషను కింద బెండు పొట్టు ఊడుస్తాను. మిషను తాలూకు గడి ఒకటి తెర మీదికి వచ్చి ఏదో అడుగుతుంది. ఏం అడుగుతుందో నాకు తెలియదు. మళ్ళీ ఎంటర్. రెండేళ్ళూ అంతే. మూడుసార్లు కిందికి, ఎంటర్, చీపురు, ఎంటర్. కుట్లు లెక్కపెట్టే చేతికి ఇది ఒక లెక్క కాదు.

ఆ శుక్రవారం సంగతి చెప్తాను.

ముందురోజు సాయంత్రం పోస్టమ్మాయి వచ్చింది. మా వీధులన్నిటికీ పధ్నాలుగేళ్ళుగా ఉత్తరాలు పంచుతోంది. ఎడమ కాలు వేలు మందం పొట్టి. నా మెత్త వేసుకుంటే ఎవరికీ తెలియదు. ఎవరో ఫిర్యాదు రాశారట, కుంటుతూ ఆలస్యంగా వస్తోందని. శుక్రవారం మూడు గంటలకు వాళ్ళ డాక్టరు ముందు నడిచి చూపించాలి. నడక సమంగా లేకపోతే వీధి పని తీసేసి లోపల ముద్రలు కొట్టే బల్ల దగ్గర వేస్తారు. ఆ మాట చెప్పి, సంచీలోంచి మెత్త తీసి బల్ల మీద పెట్టింది. నడిమికి రెండు ముక్కలై ఉంది.

"మూడో అంతస్తు మెట్ల మీద విరిగింది బాబాయ్. ఇవాళే విరగాలా ఇది? ఆ బల్ల దగ్గర కూర్చోబెడితే నేను కూర్చున్నచోటే మొలకెత్తుతాను."

సాయంత్రం కంప్యూటరు కోడలిది. ఆమె పనిలో ఉంది. పైగా తొందర లేదు. కొలతలు ఉన్నాయి, దిమ్మ ఉంది.

"రేపు ఒంటిగంటకి రా" అన్నాను.

"పొద్దున్న ఉత్తరాలు పంచేసే వస్తా. అందాకా దీనికి టేపు చుట్టుకుంటాలే."

శుక్రవారం కరెంటు తీగల పని పెట్టుకుని పదకొండు దాకా కరెంటు ఇవ్వలేదు. ఇచ్చారు. కంప్యూటరు వేశాను. మూడుసార్లు కిందికి, ఎంటర్. చీపురు తీసుకున్నాను. ఊడ్చి వచ్చేసరికి తెర మీద గడి ఉంది. ఎంటర్ కొట్టాను. అప్పుడు చూశాను, గడి రంగు వేరు.

తెర మొత్తం నీలంగా అయింది. నడుమ ఎర్రటి ముక్కోణం, అందులో నిలువు గీత, కింద చుక్క. దాని కింద నాలుగు వరుసల రాత. రాత కింద పెద్ద అంకె. 600. తరవాత 599. తరవాత 598. అన్నిటికన్నా కింద రెండు గడులు. ఎడమ గడి వెలుగుతోంది.

చేతులు వెనక్కి తీసుకున్నాను.

ఎర్ర రంగుకు ఏ భాషా అక్కర్లేదు. అంకె సెకనుకు ఒకటి తగ్గుతోంది. సున్నా దగ్గర ఏదో అవుతుంది. ఏమిటో ఆ నాలుగు వరుసల్లో రాసి ఉంది.

కోడలికి ఫోను చేశాను. ఆమె నీళ్ళు పరీక్షించే ల్యాబులో పని చేస్తుంది. ఫోను బయట సొరుగులో పెట్టి లోపలికి వెళ్ళాలి. మోగి మోగి ఆగింది. మళ్ళీ చేశాను. మావాడు దూరపు బస్సు నడుపుతాడు, బండి మీద ఉంటే ఫోను ఎత్తడు. అయినా చేశాను. ఎత్తలేదు. 504.

తాళాలాయన గుమ్మంలోకి వచ్చాడు. పొద్దున్న ఈ వేళకి మిషను మోత వినపడకపోతే వచ్చి చూస్తాడు.

"ఏమోయ్, మిషను అలిగిందా?"

వేలితో తెర చూపించాను.

దగ్గరికి వచ్చి, కళ్ళద్దాలు నుదుటి మీంచి కిందికి దించి, వంగి చూశాడు. పెదవులు కదిలించాడు. చదువుతున్నాడనుకున్నాను.

"ఇదేం లేదు. ఓకేనా అని అడుగుతోంది. ఎంటర్ కొట్టు."

"చదివావా?"

"చదవడానికేముంది? కంప్యూటరు ఎప్పుడూ అడిగేది అదేగా. ఏ తాళమైనా కాస్త నెడితేనే తెరుచుకుంటుంది." అంటూ వేలు చాపాడు. గోరు నల్లబడిన లావుపాటి వేలు. ఎంటర్ మీదికి వస్తోంది. మణికట్టు పట్టుకున్నాను.

"నొప్పోయ్!"

వదల్లేదు. వదిలితే నొక్కుతాడు. మూసి ఉన్నదాన్ని తెరవడమే నలభై ఏళ్ళుగా ఆయన పని. చెయ్యి ఊరుకోదు.

"నీ ఫోను ఇవ్వు. ఫోటో తీసి పంపుదాం" అన్నాను. నాది బొత్తాల ఫోను.

ఆయన నేల చూపులు చూశాడు. "బాగుచెయ్యడానికి ఇచ్చాను."

"పగిలిందా?"

"లేదు. తాళం పెట్టాను. ఎలా పెట్టానో మర్చిపోయాను." నేను చూసిన చూపుకి, "నవ్వకు, ఖబడ్దార్" అన్నాడు. నేను నవ్వలేదు. 431.

నా ఫోను మోగింది.

"మావయ్యా! ఏమైంది? రెండుసార్లు చేశారు. మీరు ఫోను చేశారంటే ఇల్లే అంటుకుందనుకున్నాను."

"ఇల్లు బాగానే ఉంది. కంప్యూటరు."

"ఏమైందో చెప్పండి."

చెప్పాను. రెండో ఎంటర్, నీలం, ముక్కోణం, అంకె, రెండు గడులు.

"మొదట పట్టీలో ఏది ఎంచుకున్నారు?"

"నాదే. మూడు కిందికి."

"మూడు కిందికేమిటి? పేరు చూడలేదా?"

తెర వైపు చూశాను. 402.

"నాకు ఆ అక్షరాలు రావమ్మా. లెక్కపెడతాను."

"రెండేళ్ళుగానా?"

"రెండేళ్ళుగా."

అంకె ఇంకో ఆరు తగ్గింది.

"నిన్న రాత్రి నా సిస్టమ్ అప్‌డేట్ చేశాను" అంది. "పట్టీలో ఒక వరుస పోయింది. మీది మూడోది అయింది. నాలుగో వరుసలో ఉన్నది... అది కంప్యూటర్ని కొన్న రోజున ఎలా ఉందో అలా చేసేది. అన్నీ చెరిపేసి."

"అన్నీ అంటే?"

"అన్నీ. మీ పాదాలన్నీ."

నాలుగు వందల పదకొండు మంది. పాదాలు ఎనిమిది వందల ఇరవై లెక్క. ఇద్దరికి ఒక్కో కాలే. కానీ నాకు అప్పుడు ఒక్క కాలే కనపడింది. పొట్టిగా ఉన్న ఎడమ కాలు. మూడు గంటలు.

"ప్లగ్గు పీకేస్తాను" అన్నాను.

"ఆగండి! ముందు పెట్టె మీద ఎర్ర దీపం చూడండి. చిన్న చుక్క. కొట్టుకుంటోందా?"

వంగి చూశాను. ఆగకుండా కొట్టుకుంటోంది. పరుగెత్తి వచ్చినవాడి గుండెలా ఉంది.

"అయితే పీకొద్దు. మీరు రెండో ఎంటర్ కొట్టారు కదా, లోపల ఏదో సర్దడం మొదలెట్టింది. మధ్యలో పీకితే రెండు సిస్టమ్‌లూ పోతాయి. దాన్ని అడిగి ఆపాలి. ఆ రెండు గడుల్లో ఒకటి ఆపేది, ఒకటి కానిచ్చేది. ఏది ఏదో తెలియాలి. చదవండి."

"రావన్నానుగా."

"రావు, సరే. కనపడతాయిగా. ఎలా ఉన్నాయో చెప్పండి. వెలుగుతున్న గడి. మొదటి అక్షరం."

నేను రోజుకు పది మాటలు మాట్లాడితే ఎక్కువ. మా ఆవిడ ఉన్నన్నాళ్ళూ నా వంతు కూడా ఆమే మాట్లాడేది. ఇప్పుడు అక్షరాలకు ఆకారాలు చెప్పాలి. 340.

"నిలువు కర్ర. పైన కుడివైపు పొట్ట."

"పొట్ట ఒకటా, రెండా?"

"ఒకటే."

"కింద కాలు ఉందా?"

"లేదు."

"తరవాతది?"

"అదే. దీనికి కాలుంది."

"తరవాత?"

"గుండ్రం."

"ఆ తరవాత?"

చెప్పబోయాను. తాళాలాయన అడ్డం వచ్చాడు. "అది సి! ఇదిగో ఇది సి. నా తాళాల మీద ఉంటుంది. ఎ నుంచి ఎఫ్ దాకా నాకు కంఠతా వచ్చు."

"ఇందాక ఓకే అని రాసుందన్నావుగా?"

"ఓ, కె నా వరసలోవి కావు" అన్నాడు, తప్పంతా ఆ అక్షరాలదే అన్నట్టు.

"ఎవరు మావయ్యా అక్కడ? తాళాల బాబాయా? ఆయన్ని దేన్నీ ముట్టుకోనివ్వకండి."

"పట్టుకునే ఉన్నాను."

"వినపడుతోందమ్మాయ్" అన్నాడు తాళాలాయన.

"వినపడాలనే అన్నాను బాబాయ్. వెలుగుతున్న గడి కానిచ్చేది. అంకె సున్నా అయ్యేదాకా ఎవరూ ఏమీ చెయ్యకపోతే అదే జరుగుతుంది. రెండో గడి చెప్పండి, తొందరగా."

"గుర్రపు లాడం. పక్కకి పడేసినట్టుంది. నోరు కుడివైపు."

"సి" అన్నాడు తాళాలాయన.

"మడత నిచ్చెన. నడుమ ఒక మెట్టు."

"ఎ."

"రెండు నిలువు కర్రలు, మధ్యలో ఏటవాలు బద్ద."

తాళాలాయన నోరు మూసుకున్నాడు. ఆయన వరస దాటిపోయింది.

"మళ్ళీ లాడం. తరవాత దువ్వెన, మూడు పళ్ళు. చివర మేస్త్రీ మూలమట్టం."

"అదే!" కోడలు అరిచింది. వెనక ఎవరో ఆమెను పిలుస్తున్నారు. "వస్తున్నా సార్, రెండు నిమిషాలు! మావయ్యా, అదే ఆపేది. కుడి బాణం ఒక్కసారి నొక్కండి. వెలుగు అందులోకి వెళ్తుంది. వెళ్ళిందని చూశాకే ఎంటర్."

147. కుడి బాణం నొక్కాను.

వెలుగు కదల్లేదు.

ఇంకోసారి నొక్కాను. లోపలికి దిగనే లేదు. కోడలు తన కీబోర్డు సంచీలో తెచ్చి తగిలించుకుంటుంది. ఈ కీబోర్డు మీద రెండేళ్ళుగా నేను ముట్టినవి కింది బాణం, ఎంటర్. ఆ రెండూ అరిగి నునుపెక్కాయి. మిగతా వాటి సందుల్లో బెండు పొట్టు పేరుకుని గట్టిపడింది. కుడి బాణం కింద రాయిలా ఉంది.

"దిగడం లేదమ్మా. పొట్టు."

"ఆ తెర మీద మౌస్ పనిచెయ్యదు, ట్యాబ్ నొక్కండి! ఎడమ పక్కన ఉంటుంది. పై నుంచి... మూడో వరుస... రెండు బాణాలు ఎదురెదురుగా..."

ఎడమ పక్కన నాలుగో అయిదో పొడుగు మీటలున్నాయి. వాటి మీద బొమ్మలు ఎప్పుడో చెరిగిపోయాయి. ఒకటి తప్పు నొక్కితే ఏమవుతుందో తెలియదు. 102.

తాళాలాయన మణికట్టు నా చేతిలోనే ఉంది. ఆయన వైపు చూశాను. మనిషి ఇందాకటిలా లేడు. నోరు బిగించి, ఆ బాణం మీట అంచు వైపే చూస్తున్నాడు. తుప్పు పట్టిన తాళాన్ని అలాగే చూస్తాడు.

"వదులు" అన్నాడు.

వదిలాను.

జేబులోంచి సన్నటి కొక్కెపు పుల్ల తీశాడు. మీట అంచు కింద దూర్చాడు. పైకి ఎత్తలేదు, పక్కకి తిప్పాడు. టక్‌మని మీట ఊడి ఎగిరి బల్ల కింద పడింది.

"ఊడగొట్టావు!"

"నోర్ముయ్" అన్నాడు. మొదటిసారి ఆయన నన్ను నోర్ముయ్యమన్నాడు.

మీట ఉన్నచోట రబ్బరు బుడిపె ఒకటి ఉంది. చుట్టూ పొట్టు. పుల్లతో గీరి ఊదాడు. "ఇప్పుడు దాన్ని నొక్కు. నేను నొక్కను. నొక్కితే మీ కోడలు నన్ను నిలబెట్టి కడుగుతుంది."

37. బుడిపె మీద వేలు పెట్టి నొక్కాను. ఎడమ గడి ఆరిపోయింది. కుడి గడి వెలిగింది. లాడం, నిచ్చెన, రెండు కర్రలు, లాడం, దువ్వెన, మూలమట్టం. వరసగా చూశాను. అన్నీ ఉన్నాయి.

ఎంటర్.

అంకె ఇరవై తొమ్మిది దగ్గర ఆగింది. తెర నల్లబడింది. ఎర్ర చుక్క ఇంకా నాలుగైదు సార్లు కొట్టుకుని నెమ్మదించింది.

తాళాలాయన ముక్కాలి పీట మీద కూర్చున్నాడు. మణికట్టు రుద్దుకుంటూ, "పట్టు మాత్రం తగ్గలేదోయ్ నీకు" అన్నాడు.

పేర్ల పట్టీ వచ్చింది. కోడలు ఫోనులోనే ఉంది. "ఏదో ఒక బాణం నొక్కితే పది లెక్క ఆగుతుంది. ఈసారి లెక్కపెట్టకండి. మీ సిస్టమ్ పేరు మొదటి అక్షరం చెప్తాను. రెండు లోయలు పక్కపక్కన ఉంటాయి."

వెతికాను. మూడో వరుసలో ఉంది. నాలుగో వరుసలో కూడా ఉంది.

"రెండిట్లో ఉందమ్మా."

"అయ్యో, అవును. పొట్టిగా ఉన్న వరుస మీది. పొడుగ్గా ఉన్నది ఇందాకటి రాకాసి. మావయ్యా, నేను లోపలికి వెళ్ళాలి, మా సార్ తలుపు దగ్గరే నిలబడ్డాడు. కొలతల నకలు ఉంది, ఏమీ పోదు, భయపడకండి. కానీ అది నా సంచీలో ఉంది. నేను బయలుదేరి వచ్చేసరికి నాలుగు దాటుతుంది."

మిగతా అందరి పాదాలకూ నాలుగు దాటినా ఫరవాలేదు.

పొట్టి వరుస ఎంచుకున్నాను. పాత సిస్టమ్ నేరుగా తెరుచుకోలేదు. నల్ల తెర మీద అంకె మొదలైంది. ఈసారి ఒకటి నుంచి పైకి. వందలో ఇంత అని. జరిగిన చెరుపుని అదే సరిచేసుకుంటోందనుకున్నాను. పన్నెండుకి ఇరవై నాలుగు దగ్గర ఉంది. పన్నెండున్నరకి డెబ్బై. నేను బెండు దిమ్మను మిషనులో బిగించి, తోలు కత్తిరించి, జిగురు కలిపి పెట్టుకున్నాను. చెయ్యడానికి ఇంకేమీ లేదు. ఎదురుగా కూర్చుని అంకెను చూశాను. తాళాలాయన రెండుసార్లు తన దుకాణానికి వెళ్ళి వచ్చాడు.

ఒంటిగంటకు అయిదు నిమిషాలుండగా తెరుచుకుంది. అదే వేళకు పోస్టమ్మాయి వచ్చింది. ఖాళీ సంచీ భుజాన ఉంది. టేపు వీడి బూటులోంచి వేలాడుతోంది. గుమ్మం దగ్గరే మా మొహాలు చూసింది.

"కాలేదా?"

"కొలతలు తియ్యాలి" అన్నాను. కొలతలున్న చోటు తెరిచాను. ప్రతివాళ్ళ పాదానికీ ఒక పేరుంటుంది. కోడలు తెలుగులో పెట్టింది. ఆ పేర్లు నేను చదవగలను. సరిచేసుకోవడంలో తెలుగు పోయినట్టుంది. పై నుంచి కింది దాకా ఒకేలాంటి ఇంగ్లీషు రాత, పక్కన అంకె.

పోస్టమ్మాయి వంగి చదివింది. చిరునామాలు చదివే కన్ను. కానీ ఏం లాభం?

"అన్నిటికీ ఒకటే పేరు బాబాయ్. ఫైలు ఒకటి, ఫైలు రెండు, ఫైలు మూడు... నా పేరు ఎక్కడా లేదు." గోడ గడియారం చూసింది. "ఇందులో ఏది నాది?"

"తెరిచి చూడాలి."

"నాలుగు వందలా?"

"నీది దొరికేదాకా."

"ఇంకో కాలుది పెట్టేస్తే?" అన్నాడు తాళాలాయన. "దగ్గర దగ్గరగా ఉన్నది."

"నీ ఇంటికి పక్కింటి తాళంచెవి దగ్గర దగ్గరగానే ఉంటుంది" అన్నాను. ఆ రోజు నేను చాలా మాట్లాడాను.

ఒక్కోటి తెరుచుకోవడానికి పది సెకన్లు. అరికాలి బొమ్మ వస్తుంది. మొదటిది బేకరీ ఆయనది, పెట్టెలు మోసి వంపు కూలిపోయిన కాలు. రెండోది వంతెన కాపలాదారుది. మూడోది కుట్టుమిషను మీద బతికే ఇద్దరు అక్కచెల్లెళ్ళలో చిన్నామెది, కుడి బొటనవేలు ఒక్కటే లావు. అక్షరాలు కావు ఇవి. ఇవి నాకు వచ్చు. బొమ్మ సగం రాగానే కాదని తెలిసేది. మూసేవాణ్ణి. పోస్టమ్మాయి నా వెనక నిలబడి గోరు కొరుకుతోంది. పదిహేను. ఇరవై రెండు. ముప్ఫై. ఒంటిగంటా ఏడు.

నలభై మూడో బొమ్మ మడమ వైపు నుంచి రావడం మొదలైంది. మడమ బయటి అంచు కాస్త నొక్కుకుపోయి ఉంది. ఎడమ కాలు పొట్టివాళ్ళు ముప్ఫై మంది దాకా ఉన్నారు. సంచీ కుడి భుజాన వేసుకుని పధ్నాలుగేళ్ళు మెట్లెక్కినవాళ్ళ మడమ మాత్రమే అటువైపు నొక్కుకుపోతుంది.

"ఇది నువ్వు" అన్నాను.

"అంత గట్టిగా ఎలా చెప్తావు బాబాయ్? తప్పయితే..."

"బూటు విప్పు."

విప్పింది. కాలు ఎత్తి చూశాను. మిషను మీట వేశాను.

మిషను యాభై నిమిషాలకు ఒక్క నిమిషం తగ్గలేదు. బతిమాలితే వినే వస్తువు కాదు. రెండింటికి మెత్త తీశాను. అంచులు అరగదీశాను. తోలు అంటించాను. జిగురు పట్టాలంటే బిగింపు చట్రంలో అరగంట ఉండాలి. అరగంట లేదు. ఆఫీసు ఊరికి ఆ చివర. రెండూ ఇరవై అయిదు.

"నేనే బిగింపు" అని మెత్తను రెండు అరచేతుల మధ్య పెట్టుకున్నాను. "పదండి."

తాళాలాయన స్కూటరు తీశాడు. ముందు ఆయన, నడుమ పోస్టమ్మాయి, వెనక నేను. పట్టుకోవడానికి నాకు చేతులు లేవు. రెండూ మెత్తకు ఇచ్చేశాను. మోకాళ్ళతో స్కూటర్ని బిగించాను.

"పడిపోతావోయ్ ముసలాడా!" అని మలుపు మలుపుకీ అరిచాడు.

"ముందు చూడు" అన్నాను.

పోస్టమ్మాయికి నవ్వో ఏడుపో వచ్చింది. వెనక నుంచి తెలియలేదు. భుజాలు మాత్రం కదిలాయి.

ఆఫీసు మెట్ల మీద మెత్త బూటులో పెట్టాను. కాలు దూర్చింది. రెండు అడుగులు వేసి ఆగింది. "బిగుతుగా ఉంది."

"కొత్తది. నడు."

పిలిచారు. లోపలికి వెళ్ళింది. తలుపు మూశారు.

వరండాలో బల్ల మీద కూర్చున్నాను. అరచేతులకు జిగురు అంటుకుని తోలులా బిగుసుకుంది. తలుపు అవతల రాతి పలకల గచ్చు. ముందు ఏవో మాటలు. తరవాత అడుగులు. నేను కళ్ళు మూసుకున్నాను. నడకను కంటితో కంటే చెవితో చూడటం తేలిక. కుడి, ఎడమ. కుడి, ఎడమ. పన్నెండు అడుగులు వేసి తిరిగింది. తిరిగేటప్పుడు ఎడమ కాలు ఒక్కటి గట్టిగా పడింది.

జేబులో ఫోను మోగింది. కోడలు. "మావయ్యా, ఏమైంది? చేశారా? వెళ్ళిందా?"

"ఉండు. వింటున్నాను."

ఫోను చెవికి పెట్టుకునే ఉన్నాను.

లోపల ఎవరో 'మళ్ళీ' అన్నారు. మళ్ళీ అడుగులు. ఈసారి సంచీ భుజాన వెయ్యమన్నట్టున్నారు, అడుగు బరువు పెరిగింది. కుడి, ఎడమ, కుడి, ఎడమ. సంచీ ఉంటే ఆ మనిషి నడక కుదురుతుంది. ఆ సంగతి నాకు తెలుసు. డాక్టరుకి తెలుసో లేదో. ఏదో చెక్కమెట్టు ఎక్కే చప్పుడు, దిగే చప్పుడు. మూడుసార్లు. ఆ తరవాత ఏ చప్పుడూ లేదు. కలం గీతలు తలుపు దాటి వినపడవు కదా.

తలుపు తీసుకుని వచ్చింది. చేతిలో కాగితం ఉంది. నుదుటి మీద చెమట. తాళాలాయన లేచి నిలబడ్డాడు.

"రేపు పొద్దున్న ఆరింటికి సంచీ తీసుకోమన్నారు" అంది. "అవే వీధులు. ఆరు నెలలకి మళ్ళీ వచ్చి నడవాలట."

తాళాలాయన ఆఫీసంతా వినపడేలా చప్పట్లు కొట్టాడు. ఎవరో తల బయటపెట్టి గదిమారు. ఫోనులో కోడలు ఏదో అంటోంది, సగం వినపడలేదు.

పోస్టమ్మాయి నా పక్కన కూర్చుంది. బూటు వైపు చూసుకుంది. నేనేదైనా అంటానని ఆగింది.

"తిరిగేటప్పుడు ఎడమ కాలు గట్టిగా పడుతోంది" అన్నాను. "మడమ బయటి పక్క గోరంత తియ్యాలి. ఆదివారం రా."